రాళ్ళలోని ముగ్గును లెక్కగట్టిన తెలుగువాడు

మంగంపేట: ఓబులవారిపల్లె మండలంలోని ఈ ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా ముగ్గురాయే గుర్తుకు వస్తుంది. బెరైటీస్ అని కంపెనీలవారు పిలిచే ఈ రాయి ఇంత పెద్దఎత్తున ఒకేచోట కుప్పపడి వున్న స్థలాలు ప్రపంచంలోనే బహు అరుదు. 1970లలో ప్రభుత్వ భూగర్భశాఖవారు లోతులు కొలిచి ఇక్కడ కోట్ల టన్నుల రాయి వుందని తేల్చారు. అప్పటినుంచి రాయి తవ్వడం, మిల్లుల్లో పొడిచేయడం, లారీలకెత్తి రేవులకు పంపడం ఈ ప్రాంతవాసులకు నిత్యకృత్యం అయింది. ఆ దుమ్ము పీల్చినవారికి, ఆ బరువు మోసినవారికి ఈ రాయి గురించి వేరెవరూ చెప్పనవసరం లేదు.

కాని రాతి లోపల ఏముందన్నది వేరే విషయం. రాతిలోని పరమాణువులు ఏ వరుసలో కూర్చున్నాయి, కాంతి పడితే అవి ఎన్ని రకాలుగా కదులుతాయి, నొక్కితే ఎలా వంగుతాయి అనే ప్రశ్నలకు గనిలోకి దిగకుండా కాగితం మీద జవాబు చెప్పే విద్య ఒకటి వుంది. ఆ విద్యకు ప్రపంచంలో పునాదులు వేసినవారిలో ఒక తెలుగువాడు వున్నారు. ఆయన పేరు డాక్టర్ సూరి భగవంతం. పెద్ద పదవుల వల్ల ఈ పేరు విన్నవారు మన ప్రాంతంలో కొందరు వుండవచ్చు. పుట్టపర్తి సభలకు వెళ్ళిన పెద్దలకు సత్యసాయిబాబా తెలుగు ఉపన్యాసాలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పే పెద్దమనిషిగా గుర్తుండవచ్చు. ఆయన అసలు పని ఏమిటో తెలిసినవారు మాత్రం చాలా తక్కువ.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

సూరి భగవంతం 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించారు. గుడివాడలో హైస్కూలు చదువు, హైదరాబాద్ నిజాం కాలేజీలో డిగ్రీ చదువు సాగాయి. డిగ్రీ చేతికొచ్చిన 1928వ సంవత్సరమే భారతదేశపు భౌతికశాస్త్రానికి పెద్ద పండగ సంవత్సరం. ఆ ఫిబ్రవరి 28న కలకత్తాలో సి.వి. రామన్ తన పేరుమీద ప్రసిద్ధికెక్కిన ఫలితాన్ని కనుగొన్నారు. రామన్ కూడా మనకు కొత్తవాడు కాదు. ఆయన తండ్రి విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కాలేజీలో ఉపన్యాసకుడు కావడంతో రామన్ బాల్యం, తొలి చదువు వాల్తేరు సముద్రపుటొడ్డునే గడిచాయి.

ఉద్యోగం వెతుక్కోవలసిన వయసులో భగవంతం నేరుగా కలకత్తా వెళ్ళి రామన్ ప్రయోగశాలలో చేరారు. అప్పటికి ఆయన వయసు పందొమ్మిదేళ్ళు.

రామన్ కనుగొన్నదేమిటో చెప్పుకోవాలంటే సంతలో కుండ కొనేవారిని చూస్తే చాలు. కుండను వేలితో కొట్టి చూస్తారు. మోత ఖంగున వుంటే మంచిది, బొంగురుగా వుంటే ఎక్కడో బీట వుందని అర్థం. రామన్ ఒక ద్రవాన్ని కాంతితో కొట్టి చూశారు. లోపలికి పంపింది ఒకే రంగు కాంతి. చెదిరి బయటికొచ్చిన దానిలో అత్యధిక భాగం అదే రంగు. కాని అతి స్వల్పభాగం మాత్రం కొంచెం రంగు మారి వచ్చింది. ఎంత మారిందన్నది ఆ ద్రవంలోని అణువులు ఎంత వేగంగా అదురుతున్నాయో చెబుతుంది. అంటే ప్రతి పదార్థానికీ కుండకున్నట్టే తనదైన మోత వుంది, ఆ మోతను కాంతి మోసుకొస్తుంది. ఇందుకే 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

భగవంతం అక్కడ ద్రవాలతోపాటు వజ్రం మీద కూడా పనిచేశారు. తొలకరి వానలు పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం నేల చూస్తూ తిరిగే జనం మన సీమవారికి కొత్త కాదు. వజ్రకరూరు పేరులోనే ఆ సంగతి వుంది. చేతికి చిక్కిన వజ్రానికి వ్యాపారి ఎంతిస్తాడని అందరూ చూస్తారు. 1930లో ఈ కుర్రవాడు మాత్రం వజ్రాన్ని కాంతితో కొట్టి దాని మోత ఏమిటని చూశాడు.

మరుసటి ఏడాది, 1931లో, రామన్‌తో కలిసి ప్రకటించిన వ్యాసం ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టిని ఆకర్షించింది. కాంతి అనేది చిన్నచిన్న కణాలుగా ప్రయాణిస్తుందని అప్పటికే అంగీకరించారు. ఆ కణానికి ఫోటాన్ అని పేరు. బొంగరం ముందుకు పోతూనే తనచుట్టూ తాను తిరిగినట్టు ఫోటాన్‌కు కూడా తిరుగుడు గుణం వుందా లేదా అన్నది ప్రశ్న. వాయువుల్లోని అణువులు తిరుగుతూ వుంటాయి. వాటికి తగిలి చెదిరిన కాంతిని పరీక్షించి, ఫోటాన్‌కు ఆ గుణం వుందనడానికి ఇదిగో నిదర్శనం అని గురుశిష్యులిద్దరూ చూపారు. అప్పటికి భగవంతానికి ఇరవై రెండేళ్ళు నిండలేదో, నిండీ నిండలేదో.

ముగ్గులోని లెక్క

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకుడిగా చేరారు. అప్పుడు ఉపాధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. విశ్వవిద్యాలయం కొత్తది, పరికరాలు అరకొర. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఇచ్చిన పెద్ద విరాళంతో సైన్సు కళాశాల నిలదొక్కుకుంటున్న రోజులవి. ఐరోపాలో వున్నటువంటి ఖరీదైన యంత్రాలు ఇక్కడికి ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. కాగితం, పెన్సిలు, గణితం మాత్రం వాల్తేరులోనూ దొరుకుతాయి. భగవంతం ఆ దారి పట్టారు. సిద్ధాంత భౌతికశాస్త్రం అంటే అదే: ప్రయోగం చేయకముందే ప్రయోగంలో ఏమి కనబడాలో, ఏమి కనబడకూడదో లెక్కతో చెప్పడం.

ఆయన పట్టుకున్న గణితానికి సమూహ సిద్ధాంతం అని పేరు. పేరు బరువుగా వున్నా విషయం మన ఆడవాళ్ళకు చిన్నప్పటినుంచీ తెలిసిందే. సంక్రాంతికి వాకిట్లో నాలుగు రేకుల ముగ్గు వేసి, దాని నడిమధ్యన నిలబడి పావు చుట్టు తిరిగితే ఎదుట అదే ముగ్గు కనబడుతుంది. మధ్యకు మడిచినా రెండు సగాలు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి. అదే చక్రంలా మెలికలు తిరిగిన ముగ్గయితే, తిరిగినా అలాగే వుంటుంది గాని మడిస్తే కలవదు. నెమలి బొమ్మ వేస్తే తిరిగినా మారుతుంది. ఏ ముగ్గును ఎన్ని విధాలుగా కదిల్చినా మార్పు కనబడకుండా వుంటుందో ఆ విధాలన్నిటినీ లెక్కపెట్టి పట్టిక వేయడమే ఈ సిద్ధాంతం. ఆ గుణానికి సౌష్ఠవం అని పేరు.

స్ఫటికం అనేది పరమాణువులతో వేసిన ముగ్గు. నేల మీద కాకుండా నిలువునా, అడ్డంగా, లోతుగా కూడా సాగే ముగ్గు. ఒకే చిన్న అమరిక కోట్లసార్లు పునరావృతం అవుతుంది.

ముగ్గురాయినే తీసుకుందాం. ఇందులో ఒక బేరియం, ఒక గంధకం, నాలుగు ఆక్సిజన్ పరమాణువులు కలిసి ఒక జట్టు. అలాంటి జట్లు నాలుగు కలిస్తే స్ఫటికంలోని ఒక గడి అవుతుంది. గడికి 24 పరమాణువులు. ఒక్కొక్క పరమాణువు మూడు దిక్కుల కదలగలదు కాబట్టి మొత్తం 72 రకాల కదలికలు. ఇందులో మూడు గడి మొత్తం ఒకేసారి జరిగే కదలికలు. మిగిలినవి లోపలి అదుర్లు. వీటిలో రామన్ పద్ధతిలో కాంతికి చిక్కేవి ఎన్ని? ఒక్క రాయి పగలగొట్టకుండా, ఒక్క దీపం వెలిగించకుండా, గడిలోని సౌష్ఠవాన్ని మాత్రమే చూసి సమూహ సిద్ధాంతం చెబుతుంది: 36. ప్రయోగశాలలో 37వది కనబడిందంటే స్ఫటికంలో కల్తీ అయినా వుండాలి, అమరికను తప్పుగా అర్థం చేసుకున్నామన్నా కావాలి.

విడివిడి అణువుల విషయంలో ఇలాంటి లెక్కలు విగ్నర్ వంటి ఐరోపా పండితులు 1930 నాటికే మొదలుపెట్టారు. గుక్కతిప్పుకోకుండా సాగే స్ఫటికానికి ఆ లెక్కను సులువుగా, ఎవరైనా చేయగల పద్ధతిలో అందించింది భగవంతం, గణితశాస్త్రజ్ఞుడు టి. వెంకటరాయుడు. 1939లో వీరిద్దరూ ప్రకటించిన వ్యాసం ఆ రంగంలో మైలురాయి. దానినే విస్తరించి సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలలో దాని వినియోగం అనే గ్రంథాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమే అచ్చువేసింది. వాల్తేరులో అచ్చయిన పుస్తకాన్ని విదేశీ విశ్వవిద్యాలయాలవారు తెప్పించుకుని చదివారు. ఖనిజాలమీద రామన్ పరీక్షలు చేసేవారు ఈనాటికీ తమ వ్యాసాల్లో భగవంతం, వెంకటరాయుడుల పేర్లు రాస్తూనే వున్నారు.

జర్మను పట్టికలో తప్పు

ఇక్కడ చెప్పుకోవలసిన అసలు ముచ్చట మరొకటి వుంది. పారదర్శకమైన స్ఫటికాన్ని గట్టిగా నొక్కితే దానిలోంచి పోయే కాంతి నడక మారుతుంది. ఎటువైపు నొక్కితే ఎంత మారుతుందో చెప్పడానికి ప్రతి స్ఫటికానికీ కొన్ని అంకెలు కావాలి. ఏ జాతి స్ఫటికానికి ఎన్ని అంకెలు కావాలో జర్మను శాస్త్రజ్ఞుడు పాకెల్స్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పట్టిక వేసిపెట్టాడు. ఘనాకార జాతి స్ఫటికాలన్నిటికీ మూడంటే మూడు అంకెలు చాలునన్నాడు. ప్రపంచమంతా దాన్నే పాఠంగా చదువుకుంది. సుమారు అర్ధశతాబ్దం ఎవరికీ అనుమానం రాలేదు.

1942లో భగవంతం సమూహ సిద్ధాంతంతో మళ్ళీ మొదటినుంచి లెక్కవేశారు. ఘనాకార జాతిలో ఐదు తరగతులు వున్నాయి. మూడు తరగతులకు పాకెల్స్ చెప్పిన మూడంకెలు సరే. మిగతా రెండు తరగతులకు మూడు చాలవు, నాలుగు కావాలని ఆయన లెక్క తేల్చింది.

తేడా ఎక్కడుందో ఉప్పు, పటికలతో చెప్పవచ్చు. ఉప్పు రవ్వను పావు చుట్టు తిప్పితే లోపలి అమరిక మళ్ళీ మొదటిలాగే వుంటుంది. పటిక స్ఫటికాన్ని పావు చుట్టు తిప్పితే పైకి తేడా తెలియదు గాని లోపలి అమరిక మారిపోతుంది. సగం చుట్టు తిప్పితేనే మళ్ళీ మొదటికి వస్తుంది. పైరూపం చూసి రెండింటినీ ఒకే గాటన కట్టేసిన చోట ఒక అంకె జారిపోయింది.

లెక్క బాగానే వుంది, రుజువేది అని అడిగేవారు ఎప్పుడూ వుంటారు, అడగాలి కూడా. అప్పుడు భగవంతం, ఆయన శిష్యుడు సూర్యనారాయణ బేరియం నైట్రేట్ స్ఫటికాలను తీసుకున్నారు. ఇది కూడా పటిక తరగతిదే. ఇందులోని బేరియం మన ముగ్గురాతిలో వుండే లోహమే కావడం విశేషం. పాకెల్స్ మాట నిజమైతే సమానంగా రావలసిన రెండు కొలతలు ఈ స్ఫటికంలో వేరువేరుగా వచ్చాయి. పట్టికను దిద్దుకోవలసింది జర్మను పుస్తకమే అయింది. పరాయి పాలనలో వున్న దేశంలో, కొత్తగా పుట్టిన ఒక విశ్వవిద్యాలయంలో కూర్చుని ఈ పని చేయడం చిన్న విషయం కాదు. పైగా అది యుద్ధకాలం. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడటంతో విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించవలసి వచ్చింది. సామాను కట్టుకుని ఊరు మారిన ప్రయోగశాలలోనే ఈ కాలపు పని చాలావరకు సాగింది.

వజ్రం గట్టిదనాన్ని కొలిచిందీ ఆ రోజుల్లోనే. వజ్రం అన్నిటికన్నా గట్టిదని అందరికీ తెలుసు. ఎంత గట్టిది, ఎటు నొక్కితే ఎంత వంగుతుంది అని అంకెలతో అప్పటికి ఎవరూ చెప్పలేదు. వజ్రం తునక చిన్నది, బరువులు వేలాడదీసి వంచడానికి వీలుకానిది. భగవంతం, జె. భీమసేనాచార్ చెవికి వినబడని అతిసూక్ష్మ శబ్దాన్ని వజ్రపు పలకలోంచి పంపారు. ఏటవాలుగా కోసిన క్వార్ట్జ్ ముక్కకు విద్యుత్తు తగిలించి ఆ శబ్దాన్ని పుట్టించారు. శబ్దం ఎంత వేగంగా పోయిందో తెలిస్తే గట్టిదనం లెక్కకు వస్తుంది. 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ఆ ఫలితాలు అచ్చయ్యాయి.

1957లో అమెరికాలో మెక్‌స్కిమిన్, బాండ్ అనేవారు ఇంకా మంచి పరికరాలతో కొలిచినప్పుడు ఆ అంకెల్లో మార్పులు వచ్చాయన్నది కూడా చెప్పుకోవాలి. ముఖ్యంగా ఒక అంకె చాలా తగ్గింది. కాని వజ్రానికి కావలసినవి మూడు అంకెలే అన్న లెక్క మాత్రం ఎవరూ మార్చలేదు, మార్చలేరు. కొలత పరికరాన్ని బట్టి వుంటుంది, సౌష్ఠవం రాతిని బట్టి వుంటుంది.

అదే లెక్క ప్రకారం ఏ సౌష్ఠవమూ లేని స్ఫటికానికి 21 అంకెలు కావాలి. ముగ్గురాయికి తొమ్మిది. 1951లో టి. శేషగిరిరావు బెరైటీస్ స్ఫటికానికి ఈ స్థిరాంకాలను కొలిచి ఇండియన్ అకాడమీ పత్రికలో ప్రకటించారు. తొమ్మిది కొలిస్తే పని పూర్తయిందని, పదోదాని కోసం వెతకనవసరం లేదని ముందుగా చెప్పగలిగింది లెక్కే.

దీనివల్ల మనకేమిటి అనేవారికి

బెరైటీస్ ఎక్కువగా పోయేది చమురు బావులకు. నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువుండే ఈ పొడిని బురదలో కలిపి బావిలోకి దింపుతారు. లోపలినుంచి తన్నుకొచ్చే చమురు, వాయువులను ఆ బురద బరువే అణచిపెడుతుంది. మామూలు బండరాయి పొడి నీటికన్నా రెండున్నర రెట్లకు కొంచెం పైన మాత్రమే కాబట్టి ఆ పనికి చాలదు. కడుపునొప్పితో పెద్దాసుపత్రికి పోయినవారికి ఎక్స్‌రేకు ముందు తాగించే సున్నంలాంటి తెల్లని ద్రవం కూడా శుద్ధిచేసిన ఈ పదార్థమే. బేరియం పరమాణువు బరువైనది కావడంతో ఎక్స్‌రేలను ఆపుతుంది, అందుకే పేగు ఆకారం ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. బేరియం లవణాలు చాలావరకు విషాలు. ముగ్గురాయి మాత్రం నీటిలో గాని, కడుపులో గాని కరగదు కాబట్టి వచ్చినదారినే పోతుంది. అణుకేంద్రాల్లో గోడల కాంక్రీటులో కూడా దీన్ని కలుపుతారు.

ఈ వ్యాపారానికి భగవంతం లెక్కలు నేరుగా అక్కరకు రావని ఒప్పుకోవాలి. టన్ను ధర సౌష్ఠవాన్ని బట్టి పలకదు, బరువును బట్టి, తెలుపును బట్టి పలుకుతుంది. కాని ఒక రాతి పొడిలో అసలు బెరైటీస్ ఎంత, కలిసినది ఏమిటి అని రామన్ పద్ధతిలో పరీక్షించే యంత్రం ఎక్కడ పెట్టినా, తెరమీద కనబడే గీతల్లో ఏది దేనిదో చెప్పడానికి ఆ 1939 నాటి లెక్కే ఆధారం. రాయి మనది, లెక్క మనవాడిది. యంత్రం మాత్రం ఇప్పటికీ ఎక్కువగా పైదేశాలనుంచి వస్తోంది.

పదవుల వెంట

1948 తర్వాత భగవంతం జీవితం మరో దారి పట్టింది. లండన్‌లోని భారత హైకమిషన్‌లో సైన్సు వ్యవహారాల అధికారిగా కొంతకాలం వున్నారు. 1949లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా ఉపాధ్యక్షుడు, 1957 నుంచి 1962 వరకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరు. ఒకప్పుడు రామన్ కూర్చున్న కుర్చీ అది. 1961 నుంచి 1969 దాకా రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు. చైనాతో 1962 యుద్ధం, పాకిస్తాన్‌తో 1965 యుద్ధం ఆయన హయాంలోనే వచ్చాయి. సైన్యానికి కావలసినవి దేశంలోనే తయారుచేసుకోవాలన్న పట్టుదల అప్పుడే పెరిగింది. క్షిపణుల ప్రయోగశాల, రక్షణ లోహాల ప్రయోగశాల హైదరాబాద్‌లో వేళ్ళూనుకున్నది ఆ సంవత్సరాల్లోనే.

ముప్పై దాటిన కొద్ది ఏళ్ళకే జర్మను పట్టికలు దిద్దే స్థాయికొచ్చిన మనిషి కమిటీలకు, ఫైళ్ళకు ఇరవై ఏళ్ళు ఇవ్వడం సబబా అన్న ప్రశ్న రాకమానదు. అటు చూస్తే కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశానికి విశ్వవిద్యాలయాలు నడపగల, ప్రయోగశాలలు నిలబెట్టగల మనుషులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే వున్నారు. ఇటు చూస్తే స్ఫటికాల లెక్కను ఆయనంత సుళువుగా చేయగలవారు వేళ్ళమీద లెక్కకు కూడా చాలరు. నష్టం ఎటువైపు ఎక్కువో చెప్పడం కష్టమే. రామన్ మాత్రం జీవితాంతం ప్రయోగశాల వదలలేదు. శిష్యుడి దారి వేరైంది.

అయితే లెక్క ఆయనను పూర్తిగా వదిలిపెట్టలేదు. పాకిస్తాన్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1966లో, స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాలు అనే ఆయన గ్రంథాన్ని ఇంగ్లీషులో అకడమిక్ ప్రెస్ వారు ప్రచురించారు. పాతికేళ్ళ కిందటి పటిక, బేరియం నైట్రేట్ సంగతులతోపాటు అయస్కాంత గుణం గల స్ఫటికాల సౌష్ఠవం కూడా అందులో చేరింది. రక్షణమంత్రి కార్యాలయంలో పగలంతా తుపాకుల, లోహాల సంగతి చూస్తూ ఆ పుస్తకానికి ఎప్పుడు తీరిక చేసుకున్నారో!

చివరి సంవత్సరాల్లో ఆయన ఎక్కువగా ఆధ్యాత్మిక విషయాలపట్ల మొగ్గు చూపారు. 1989 ఫిబ్రవరి 6న, 79 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

పిల్లలకు ఈ విషయం చూపించదలచిన ఉపాధ్యాయులకు పెద్ద ఏర్పాట్లేమీ అక్కరలేదు. గనిలో దొరికే బూడిదరంగు రాయి సన్నటి గింజల ముద్ద కావడంతో అందులో స్ఫటికం కంటికి ఆనదు. వేముల వైపు సిరలుగా దొరికే తెల్లరాయి అయితే మేలు. సుత్తితో మెల్లగా కొడితే అది అడ్డదిడ్డంగా కాకుండా నునుపైన పలకలుగా విడిపోతుంది, ఎండలో పెడితే పలకలు తళుక్కుమంటాయి. పక్కనే కళ్ళుప్పు రవ్వ ఒకటి పగలగొడితే అది చిన్నచిన్న పెట్టెల్లా విడిపోతుంది. ఉప్పుకు మూడు, ముగ్గురాయికి తొమ్మిది అన్న తేడా ఆ రెండు ముక్కల్లో వుంది.